నాన్న పోలికతో కతార్ వెళ్ళొచ్చాను

కతార్ వెళ్ళొచ్చానని తెలియగానే కాకినాడలో మా వీధి ఆడవాళ్ళంతా ముందు నా మెడ చూశారు, తర్వాత చేతులు చూశారు. కొత్త బంగారం ఏమీ కనపడకపోయేసరికి, "మరి అంత దూరం ఎందుకెళ్ళినట్టు?" అని అడిగారు. అడిగినవాళ్ళకల్లా ఖర్జూరాలు పెట్టి పంపించాను. అసలు సంగతి గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇలా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఏది ఎలా వస్తుందో నల్లబల్ల మీద గీసి చూపించడం నా పని. మా చెల్లెలు రాజ్యం దోహాలో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు. మరిది మూర్తి అక్కడే ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీకి లెక్కలు చూస్తాడు. వాళ్ళ పిల్లలిద్దరూ విశాఖపట్నంలో చదువుకుంటున్నారు.

మా అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. పోవడానికి చాలా ముందే ఆవిడ మాకు దూరమైపోయింది. పొయ్యి వెలిగించకుండా ఎసరు పెట్టి, నీళ్ళు మరగడం లేదని నన్ను తిట్టేది. సాయంత్రమయ్యేసరికి నాలుగు చీరలు మూటకట్టుకుని, "చీకటి పడుతోంది, మా ఇంటికి దిగబెట్టండమ్మా" అని సొంత ఇంట్లో కూర్చుని బతిమాలేది. దాన్ని అల్‌జైమర్స్ అంటారని డాక్టరు చెప్పాడు. చుట్టాలు మాత్రం చాదస్తం అన్నారు.

పన్నెండో రోజు భోజనాలకి వచ్చిన ప్రతి ముసలమ్మా రాజ్యం గడ్డం పట్టుకుని, "అచ్చం మీ అమ్మే దిగొచ్చినట్టున్నావే, పాపం" అంది. ముక్కు, చేతివేళ్ళు, మాట్లాడే ముందు గొంతు సవరించుకోవడం, అన్నీ అమ్మవే. నాకు మాత్రం నాన్న నుదురు, నాన్న ఎత్తు, నాన్న నోరు వచ్చాయి. "నీకేం పర్వాలేదులే, నువ్వు నాన్న పోలిక" అని నన్ను వదిలేశారు. మా నాన్నకి చివరిదాకా మతి బ్రహ్మాండంగా ఉండేది. రాజ్యం ఆ 'పాపం' అన్న మాటని మూటగట్టుకుని దోహా వెళ్ళిపోయింది.

తొంభై ఏడు శీతాకాలంలో ఫోన్ చేసింది. "నన్ను ఇన్‌ఛార్జిని చేస్తామంటున్నారక్కా. కొత్త సంవత్సరం లోపల ఏదో ఒకటి చెప్పమన్నారు. వద్దని చెప్పేసి, ఉద్యోగం కూడా మానేద్దామనుకుంటున్నాను. ఈమధ్య నేనూ మర్చిపోతున్నాను. నువ్వొకసారి రా. అక్కలా కాదు, జువాలజీ మేడంలా నన్ను చూసి నిజం చెప్పు" అంది. సెలవు పెట్టి బయల్దేరాను.

అల్ ముంతజా: కాజాల పాకం

ప్రయాణం సంగతి ఏం చెప్పను, కాకినాడ కాజాలు తీసుకెళ్ళాను. దోహాలో పెట్టె తెరిచేసరికి పాకమంతా నా గద్వాల చీర తాగేసింది. రాజ్యం చీరని కుళాయి కింద పెట్టింది, మూర్తి మాత్రం కాజాలు ఎన్ని బతికాయో చూసుకున్నాడు.

వాళ్ళ ఫ్లాటు అల్ ముంతజాలో ఉంది. కింద మలయాళీల టీ కొట్టు. అక్కడ ఎవరూ కారు దిగి టీ తాగరు. కొట్టు ముందు కారాపి హారన్ కొడితే లోపలి నుంచి మనిషి గ్లాసులు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. మన ఊళ్ళో అలా హారన్ కొడితే టీ కాదు కదా, తన్నులొస్తాయి. ఒక రియాలంటే అప్పట్లో మన పది రూపాయలు. మొదటి రెండు రోజులూ నేను ప్రతిదాన్నీ పదితో హెచ్చవేసి గుండెలు బాదుకున్నాను. కరివేపాకు కట్ట ధర విని, "ఇది కూరలో వేసుకోవడానికా, బీరువాలో దాచుకోవడానికా?" అన్నాను. పెట్రోలు మాత్రం మంచినీళ్ళ కంటే చవక. ఆ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

శుక్రవారం అక్కడ సెలవు. అందుకని ఎదురింటి భీమవరం క్రైస్తవులు ప్రార్థన కూడా శుక్రవారమే పెట్టుకుంటారు. "ఇక్కడ దేవుడు కూడా కంపెనీ క్యాలెండర్ ప్రకారమే డ్యూటీ చేస్తాడండీ" అన్నాడు ఆ ఇంటాయన. ఆ మధ్యాహ్నం వాళ్ళు పంపించిన కోడిపలావు తింటూ, నేను వచ్చిన పని మొదలుపెట్టాను. అంటే రాజ్యాన్ని ఒక కంట కనిపెట్టడం.

చేపల బజారు: దొంగచాటు పరీక్ష

చేపల బజారులో హమూర్ అనే చేప దొరుకుతుంది. పులుసు పెడితే మన కొర్రమీనుకి దూరపు చుట్టంలా ఉంటుంది. బేరం ఆడుతున్న రాజ్యాన్ని నేను మధ్యమధ్యలో పలకరించాను. "మన చిన్నప్పటి లెక్కల మాస్టారి పేరేమిటే?" అన్నాను. చెప్పింది. "పెద్దత్తయ్య మూడో కోడలిది ఏ ఊరు?" అన్నాను. అదీ చెప్పింది. "మనింట్లో గేదెకి ఏం పేరు పెట్టాం?" అనేసరికి చేపని బల్ల మీద పడేసి నా వైపు తిరిగింది.

"నన్ను పరీక్ష పెడుతున్నావా?"

"ఊరికే, కబుర్లు."

"అక్కా, గేదె పేరు గౌరి. ఇంతకీ నీ సంచీ ఏదే?"

చూసుకుంటే నా చేతిలో సంచీ లేదు. ముందు ఆగిన కొట్లో రొయ్యల పక్కన పెట్టి మర్చిపోయాను. పరిగెత్తి వెళ్తే, ఆ కొట్టాయన సంచీ మీద ఐసు పడకుండా గోనెపట్టా కప్పి ఉంచాడు. దారంతా రాజ్యం నవ్వుతూనే ఉంది. నేను నవ్వలేదు గానీ, దాన్ని పెద్దగా పట్టించుకోనూ లేదు. నాన్న కూడా గొడుగులు మర్చిపోయేవారు కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం రాజ్యం ఆసుపత్రికి వెళ్ళాక మూర్తి మెల్లిగా అన్నాడు. "వదినగారూ, మీ చెల్లెలు ఇంట్లో ఏదైనా మర్చిపోతే భయపడి ఏడుస్తోంది. ఉప్పు రెండుసార్లు వేసినా ఏడుపే. నేను ఉప్పు రెండుసార్లు వేస్తే ఎవరూ ఏడవరు, తిడతారంతే. మీరేదో ఒకటి తేల్చి చెప్పండి. ఉద్యోగం మానేస్తే అది ఇంట్లో కూర్చుని రోజంతా తన బుర్రనే చూసుకుంటుంది."

ఆసుపత్రి: మందుల కిటికీ వెనక

మర్నాడు రాజ్యం తన పనిచోటు చూపించింది. అక్కడ పని పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒకరు చీటీ చూసి మందు కడతారు. ఇంకొకరు ఆ చీటీనీ మందునీ మళ్ళీ మొదటి నుంచి పైకి చదివి సరిచూస్తారు. ఇద్దరి సంతకాలూ పడితేగాని మందు కిటికీ దాటదు. కట్టినవాడు ఎంత పాతకాపైనా సరే, రెండో మనిషి చదవాల్సిందే. మన మందుల షాపుల్లో కుర్రాడు చీటీ వాసన చూసి ఇచ్చేస్తాడు.

"ఇన్‌ఛార్జి అంటే ఆఖరిగా చూసే మనిషి" అంది రాజ్యం. "నేను సరే అన్నాక ఇంక చూసేవాళ్ళు ఉండరు. చుక్క అటూఇటూ అయితే పసిపిల్లలు పోయే మందులుంటాయి అక్కా. అందరినీ నేను చూస్తాను. నన్నెవరు చూస్తారు?"

దాని భయం ఏమిటో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. అది పోస్టుకి భయపడటం లేదు, తన చేతిలో ఎవరైనా పోతారేమోనని భయపడుతోంది.

అక్కడే ఒక సూడాన్ డాక్టరుని కలిశాను. ఈ మతిమరుపు జబ్బులు చూడటం ఆయన పని. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు, ప్రతి వాక్యానికీ ముందు కాసేపు ఆలోచిస్తాడు. రాజ్యం ఇంతకుముందే ఆయనకి చూపించుకుందట. "ఇప్పటికైతే మీ చెల్లెలికి ఏమీ లేదు. నిద్ర లేదు, భయం ఉంది, అంతే" అన్నాడు. తర్వాత, మీరు జువాలజీ చెబుతారట కదా అని, నాకు టీ తెప్పించి పాఠం మొదలుపెట్టాడు.

ఒంట్లో కొవ్వుని మోసే పదార్థం ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువు మనుషుల్లో మూడు రకాలుగా ఉంటుంది. వాటికి రెండు, మూడు, నాలుగు అని పేర్లు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. నాలుగో రకం ఉన్నవాళ్ళకి పెద్దవయసులో ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఇంతవరకు నాకు చూచాయగా తెలుసు. తర్వాత ఆయన చెప్పిందే నాకు కొత్త.

"ఒక్క నాలుగో రకమే ఉన్నా, అది మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి ఎక్కువ బరువవుతున్నట్టు కనిపిస్తోంది. ఎందుకో ఇంకా తెలియదు. ఒంట్లో మిగతా జన్యువులు దానికి తోడు రావచ్చు, అడ్డం పడవచ్చు. ఆడ ఒంట్లో ఒకలాగా, మగ ఒంట్లో ఒకలాగా."

నేను ఇరవై ఏళ్ళుగా క్లాసులో రంగులు పోల్చుకోలేని జబ్బు గురించి చెబుతున్నాను. ఆ పాఠంలో తల్లి మోస్తుంది, కొడుకు బాధపడతాడు. అది ఆడా మగా తేడా నిర్ణయించే క్రోమోజోము మీద ఉంటుంది కనక అలా జరుగుతుంది. ఈ జన్యువు అక్కడ లేదు. ఆడపిల్లకీ మగపిల్లాడికీ సమానంగానే వస్తుంది. వచ్చాక మాత్రం బరువు వేరవుతుంది. ఒకే బస్తా ఇద్దరి నెత్తినా పెడితే ఒకరు నడిచి వెళ్ళిపోయి, ఒకరు కూలబడినట్టు.

"అయితే రాజమండ్రిలో మన తమ్ముడికి ఉన్నా తక్కువేనన్న మాట" అంది రాజ్యం. "జబ్బులో కూడా మగాళ్ళకే డిస్కౌంటా?"

ఆ మాట ఇంగ్లీషులో చెబితే డాక్టరు నవ్వాడు. కావాలంటే రక్తం తీసి లండన్‌లో తనకు తెలిసినచోటికి పంపుతానని, ఏ రకం ఉందో తెలుస్తుందని చెప్పాడు. నేను వెంటనే రాజ్యం వైపు చూసి, చేయించుకో అన్నాను. ఆయన, "మరి మీకు?" అని అడిగాడు.

"నాకెందుకండీ, నేను నాన్న పోలిక" అన్నాను.

ఇంగ్లీషులో చెప్పేసరికి ఆ మాట నాకే కాస్త వింతగా వినిపించింది. డాక్టరు ఇంకో టీ తాగుతారా అని మాత్రం అడిగాడు.

అల్ వుకైర్: నూరా ఇల్లు

ఆ డాక్టరు చూసే రోగుల్లో ఒక పెద్దావిడకి మందులు రాజ్యమే కట్టి ఇస్తుంది. ఆవిడ కూతురు నూరా బడిలో జీవశాస్త్రం చెబుతుంది. అక్క కూడా అదే చెబుతుందని రాజ్యం అనగానే భోజనానికి రమ్మని పట్టుబట్టింది. వాళ్ళ ఇల్లు అల్ వుకైర్‌లో. అప్పటికి అదొక చిన్న ఊరు, చుట్టూ ఇసుక, మధ్యలో మసీదు, నాలుగు వీధుల ఇళ్ళు.

మమ్మల్ని కారులో తీసుకెళ్ళినవాడు మల్లేశం, కరీంనగర్ దగ్గర ఊరు. దారిపొడుగునా కబుర్లే. "మా అవ్వకు కతార్ అంటే ఎరుకలేదు మేడం. ఊరందరికి 'నా కొడుకు దుబాయ్ పోయిండు' అని చెప్తది. మొదట్ల చెప్పి చూసిన. ఇగ ఇడిసిపెట్టిన" అన్నాడు. కాసేపటికి అద్దంలో మా ఇద్దరినీ చూసి, "మీరు అక్కచెల్లెండ్లా? పోలికనే లేదు!" అన్నాడు. నాకు ఆ మాట ఎందుకో హాయిగా అనిపించింది.

నూరా గుమ్మంలోనే ఎదురొచ్చింది. కింద తివాసీ మీద కూర్చోబెట్టింది. వాళ్ళమ్మని అందరూ ఉమ్ నాసిర్ అంటారు, అంటే నాసిర్ తల్లి అని. కొడుకు పుట్టాక ఆవిడ సొంత పేరు పిలిచేవాళ్ళే లేరట. మన దగ్గర కూడా 'ఫలానా అబ్బాయి అమ్మగారు' అయిపోతాం కదా అన్నాను. పాతకాలం ఆడవాళ్ళు పెట్టుకునే ఇత్తడి రంగు ముసుగు ఆవిడ కళ్ళ చుట్టూ మెరుస్తోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుని స్వాగతం చెప్పి, ఖర్జూరం చేతిలో పెట్టింది. కాసేపయ్యాక నన్ను మళ్ళీ కొత్తగా చూసి, మళ్ళీ స్వాగతం చెప్పి, మళ్ళీ ఖర్జూరం పెట్టింది. అలా ఎన్నిసార్లు చెప్పిందో. ప్రతిసారీ అదే సంతోషం. మా అమ్మకి ఊరంతా పరాయిదైపోయింది. ఈవిడకి పరాయివాళ్ళంతా చుట్టాలైపోయారు. అమ్మ గుర్తొచ్చి తినలేకపోయాను. చేతిలో ఖర్జూరాలు మాత్రం పోగుపడ్డాయి.

కాఫీ దగ్గర ఇంకో ఇబ్బంది. చిట్టి కప్పులో యాలకుల కాఫీ పోస్తారు, ఖాళీ అవగానే మళ్ళీ పోస్తారు. వద్దని చెప్పాలంటే కప్పు అటూఇటూ ఊపాలట. నాకు తెలియక, మర్యాద కోసం ప్రతిసారీ తాగేస్తూ వచ్చాను. గుండె దడదడలాడుతుంటే రాజ్యం నవ్వు ఆపుకోలేక నా చెయ్యి పట్టుకుని ఊపింది.

ఉమ్ నాసిర్ అన్నగారు జాసిమ్ అదే గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. చెల్లెలి కంటే బాగా పెద్దవారు. కుర్రతనంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగినవారు. ఏ పడవకి ఎవరు నాయకుడో, ఏ లోతులో ఎవరు పోయారో ఇప్పటికీ వరుసగా చెబుతారు. మా పెట్టెలో బతికి బయటపడ్డ కాజాలు తీసుకెళ్ళాను. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, పాకం గడ్డం మీదకి కారితే తుడుచుకుని, ఇంకొకటి అందుకున్నారు.

మచ్బూస్ అనే మాంసం అన్నం పెద్ద పళ్ళెంలో వచ్చింది. నల్ల నిమ్మకాయల పులుపు, మన పులిహోర పులుపు కాదు, పొగ తగిలిన పులుపు. తింటూ తింటూ నూరా అంది. "అమ్మకీ మామయ్యకీ ఇద్దరికీ డాక్టరు రక్తం పంపించారు. ఇద్దరికీ ఆ నాలుగో రకం ఒక్కొక్కటి ఉంది. ఒకే తల్లి పిల్లలు. ఈయన్ని చూడండి, అమ్మని చూడండి."

ఒక్క ఇంటిని చూసి శాస్త్రం రాసేయకూడదని మా పిల్లలకి చెబుతూంటాను. అయినా ఆ గదిలో ఆ ఇద్దరినీ పక్కపక్కన చూస్తుంటే నల్లబల్ల మీద గీతలన్నీ మాయమైపోయాయి.

అక్కణ్ణుంచి మాట పెళ్ళిళ్ళ మీదకి పోయింది. ఇద్దరు జీవశాస్త్రం టీచర్లు కలిస్తే అంతేగా.

"మీరూ చుట్టాల్లోనే చేసుకుంటారటగా?" అంది నూరా. "నాది బాబాయి కొడుకుతోనే. మా అమ్మదీ అంతే."

"బాబాయి కొడుకా? మాకు అన్నయ్య అవుతాడు!" అని చెవులు మూసుకున్నంత పని చేశాను. "మాది మేనరికం. మేనత్త కొడుకునో, మేనమామ కొడుకునో చేసుకుంటాం. కొందరైతే సొంత మేనమామనే. మా అమ్మకి మా నాన్న మేనమామే."

నూరా చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారిపోయింది. "అస్తగ్‌ఫిరుల్లా, దేవుడు క్షమించాలి! మామయ్యనా?" అని, గోడ దగ్గర కాజా నములుతున్న తన మామయ్య వైపు భయంభయంగా చూసింది. ఆయన ఏం జరిగిందో తెలియక ఇంకో కాజా కోసం చెయ్యి చాపారు. రాజ్యం నవ్వీ నవ్వీ పొలమారి దగ్గింది.

నూరా వరుసలు లెక్కగట్టుకుంది. టీచరు కదా, వదలదు. "అంటే మీ నాన్నగారూ, మీ అమ్మగారి అమ్మా తోడబుట్టినవాళ్ళు. అంతేనా?"

"అంతే."

"మరి మీరు నాన్న పోలిక కాబట్టి మీకు భయం లేదని డాక్టరుతో అన్నారట. మీ చెల్లెలు చెప్పింది." ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగానే అర్థం కాక అడుగుతోంది. "నాన్న పోలికైనా అది మీ అమ్మమ్మ పుట్టింటి పోలికే కదా?"

నేను తినడం ఆపేశాను. ఇరవై ఏళ్ళుగా నేను చెబుతున్న పాఠమే అది. ముక్కు ఒక దారిలో వస్తుంది, జబ్బు ఇంకో దారిలో వస్తుంది, ముఖం చూసి రక్తం సంగతి చెప్పలేం. పరీక్షలో ఏ పిల్లయినా నాలా రాస్తే సున్నా వేసేదాన్ని. పైగా మా ఇంట్లో దారులే రెండు లేవు. రెండు తలుపులూ ఒకే ఇంట్లోకి తెరుచుకుంటాయి. నాన్న మతి చివరిదాకా బాగుందని గొప్పగా చెప్పుకుంటాం. ఆయన గుండె ఆగి పోయినప్పుడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. మతి పోయే వయసు దాకా ఆయన్ని ఉండనిచ్చిందెవరు? ఇక నాన్నకి తల్లి, అమ్మకి అమ్మమ్మ ఒకే మనిషి. ఆవిడ ముసలితనంలో ఎప్పుడో అమ్మేసిన ఆవుని వెతుక్కుంటూ దొడ్లో తిరిగేదని మా ఇంట్లో కథలా చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

చెల్లెలికి రావడానికి ఎన్ని దారులున్నాయో నాకూ అన్నే ఉన్నాయి. చెల్లెల్ని చూసి చెప్పడానికి ఒడ్డున నిలబడ్డాననుకున్నాను. చూస్తే నేనూ నీళ్ళలోనే ఉన్నాను. ఉమ్ నాసిర్ నా ముఖంలో ఏం చూసిందో, దగ్గరికి జరిగి, మళ్ళీ కొత్తగా స్వాగతం చెప్పి, ఇంకో ఖర్జూరం పెట్టింది. ఈసారి తినేశాను.

కార్నిష్: ఒక 'ఏమో'

ఆ సాయంత్రం సముద్రపు ఒడ్డున కార్నిష్‌లో నడిచాం. అక్కడ సముద్రం మన ఉప్పాడ సముద్రంలా అరవదు, పెద్దింటి కోడలిలా అణిగిమణిగి ఉంటుంది. కుటుంబాలు గడ్డిలో దుప్పట్లు పరుచుకుని కూర్చుని ఉన్నాయి.

"రేపు ఇద్దరం డాక్టరుకి రక్తం ఇచ్చేద్దామా?" అంది రాజ్యం.

నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను. నిన్న దాన్ని చేయించుకోమన్నప్పుడు ఉన్న ధైర్యం, నా చెయ్యి చాపాల్సి వచ్చేసరికి ఎటు పోయిందో తెలియదు. నా అవస్థ చూసి రాజ్యం, "చూశావా, ఎలా ఉంటుందో" అంది. అందులో ఎకసెక్కం లేదు.

నేను జువాలజీ మేడంలా చెప్పడానికి ప్రయత్నించాను. నాలుగో రకం ఉందంటే వచ్చి తీరుతుందని కాదు. లేదంటే రాదనీ కాదు. అది ఉండి తొంభై ఏళ్ళు శుభ్రంగా బతికినవాళ్ళున్నారు, లేకుండా కూలిపోయినవాళ్ళున్నారు. ఆడవాళ్ళకి బరువెక్కువ అన్నది నిజం కావచ్చు. కానీ ఒక్క జన్యువే తీర్పు చెప్పదు. పక్కన ఏవేవి ఉన్నాయో, అవి దీనితో కలిసి ఏం చేస్తాయో ఇంకా ఎవరికీ తెలియదు. తెలిసినా ఇవ్వడానికి మందు లేదు.

"అంటే ఇంత చదివి, ఇంత దూరం వచ్చి నువ్వు చెప్పేది 'ఏమో' అనా?"

"అవునే. ఏమో. కానీ నీకెంత ఏమోనో నాకూ అంతే ఏమో."

రాజ్యం నడవడం ఆపేసింది. గట్టు మీద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని కాసేపటికి గాని తెలియలేదు. "ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే అనుకున్నానే" అంది. "అద్దంలో చూసుకున్నప్పుడల్లా అమ్మే. నువ్వు అవతలి గట్టున ఉన్నావనుకున్నాను. నువ్వు నాన్న ముఖం పెట్టుకుని నా కోసం జాలిపడుతూ ఉంటే, నీకు చెప్పుకోవడానికి కూడా మనసొప్పేది కాదు."

నేను పక్కన కూర్చుని దాని వీపు నిమిరాను. ఒక జబ్బు నాకు కూడా రావచ్చని తెలిసి నా తోడబుట్టిందానికి ఊరట కలిగింది. నాక్కూడా ఎందుకో తేలిగ్గా అనిపించింది. మళ్ళీ ఇద్దరం ఒకే ఇంటి పిల్లలమయ్యాం. రక్తం ఇవ్వకూడదని అనుకున్నాం. మందంటూ వచ్చిన రోజున ఇద్దరం కలిసే ఇద్దాం అంది రాజ్యం. తర్వాత ముక్కు తుడుచుకుని, రెండు రియాళ్ళ షవర్మా కొనిపెట్టమంది. అది ఏడిస్తే చిన్నప్పుడూ అంతే, వెంటనే ఆకలి.

ఆసుపత్రి, మళ్ళీ

శనివారం పొద్దున, వారానికి మొదటి పనిరోజు, రాజ్యం నన్ను వెంటబెట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. ఆవిడ పాలస్తీనా మనిషి, మాట్లాడితే మేకు దిగ్గొట్టినట్టుంటుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

రాజ్యం గొంతు సవరించుకుంది, అచ్చం అమ్మలాగే. "ఇన్‌ఛార్జిగా చేస్తాను. కానీ ఒక మాట ముందే చెప్పాలి. మా అమ్మ మతి పోయి చనిపోయింది. నాకూ రావచ్చు, రాకపోవచ్చు. డాక్టరు ఇప్పటికి ఏమీ లేదన్నారు. నేను ఆఖరిగా సరే అన్న మందుని కూడా ఇంకొకరు చదవాలి. జూనియరైనా సరే. నేను తప్పు చెబితే నాతో మొహమాటం లేకుండా చెప్పాలి. ఆ పద్ధతి పెడితేనే చేస్తాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి రాజ్యాన్ని చూసింది. చెల్లెలు తన ఉద్యోగం మీద తనే నీళ్ళు పోసుకుందనుకున్నాను.

"ఈ పద్ధతి మనకి ముందే ఉండాల్సింది" అంది ఆవిడ. "నీ ఒక్కదానికే పెడితే అందరూ నిన్నే చూస్తారు. నాకూ పెట్టు, నైట్ డ్యూటీ వాళ్ళకీ పెట్టు. ఎవరైనా మర్చిపోవచ్చు. యల్లా, ఇక పద, కిటికీ దగ్గర జనం ఉన్నారు."

అంతే. రాజ్యం తెల్లకోటు తొడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. అద్దం వెనక ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి సీసా మీద పేరు పైకి చదువుతోంది, రాజ్యం చీటీ చూస్తూ తలూపుతోంది. తర్వాత రాజ్యం చదివింది, ఆ అమ్మాయి తలూపింది. దాన్ని అలా చూస్తూ నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. చాలా సంతోషంగా ఉంది.

విమానాశ్రయం

బయల్దేరే రోజు మూర్తి పెట్టెలు దింపుతుంటే రాజ్యం నన్ను పక్కకి లాగింది.

"అక్కా, ఒకటి ఒప్పుకో. నాలో తేడా కనిపిస్తే ముందు నాకే చెప్పాలి. ఆయనకి కాదు, పిల్లలకి కాదు. అమ్మకి ఎవ్వరం చెప్పలేదు. మనమంతా గదిలో చేరి గుసగుసలాడుకుంటుంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి మన ముఖాలు చూసేది."

నాకు గుర్తుంది. "చెబుతాను" అన్నాను. "మరి నాకు?"

"నేను చెబుతాను."

"నా సంగతి తెలుసుగా, ఒప్పుకోను. నీతో పోట్లాడతాను."

"పోట్లాడు" అంది రాజ్యం, నా కొంగు సరిచేస్తూ. "మళ్ళీ చెబుతాను. మర్చిపోతే, మళ్ళీ చెబుతాను."